మొదటి కాన్పు కష్టమైతే రెండోది నార్మలా, ఆపరేషనా?

నార్మలా, ఆపరేషనా అన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు మీ మొదటి కాన్పు నాటి ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. డిశ్చార్జి సమ్మరీ కాదు, థియేటర్లో ఏం చేశారో డాక్టర్ రాసిపెట్టిన కాగితం. నేను చెప్పదలచుకున్న వాటిలో ఇదే ముఖ్యం కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉండేది గాజువాక. బాబుకి మూడేళ్లు నిండబోతున్నాయి. అప్పుడు రాత్రంతా నొప్పులు పడ్డాక తెల్లవారుజామున ఎమర్జెన్సీ సిజేరియన్ చేశారు. ఇప్పుడు ఐదో నెల. ఒక డాక్టర్ నార్మల్‌కి ప్రయత్నించవచ్చు అంటున్నారు, ఇంకొకరు నేరుగా ఆపరేషనే అంటున్నారు. అత్తగారిది ఒక మాట, అమ్మది ఇంకో మాట. మీకేమో రెండూ భయమే.

నాదీ దాదాపు ఇదే పరిస్థితి. మా పెద్దమ్మాయి వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. తేదీ దాటిందని చేర్చుకుని మందు పెట్టి నొప్పులు తెప్పించారు. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది, తొయ్యమ్మా అన్నారు. తోసి తోసి ఓపిక అయిపోయాక ఒక్కసారిగా గది నిండా జనం. ట్రాలీ మీద తీసుకెళ్తుంటే "ఏమైంది సిస్టర్?" అని అడుగుతూనే ఉన్నాను, ఒక్కరూ జవాబు చెప్పలేదు. మా ఆయన చేత సంతకం పెట్టించుకున్నారని తర్వాత తెలిసింది. పాపని పిల్లల ఐసీయూకి తీసుకెళ్లిపోయారు, నేను చూసింది మర్నాడే. ఇంటికి వచ్చాక చుట్టాలందరి నోటా ఒకటే మాట: "పాపం, దారి చాల్లేదట." ఆ మాట ఎవరు ముందు అన్నారో తెలియదు గానీ మా ఇంట్లో అదే ఖాయమైపోయింది.

రెండోసారి నెల తప్పాక ఎంవీపీ కాలనీలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ కడుపు మీద గీత చూసి ఏమీ తేల్చలేదు. నోట్స్ తెమ్మన్నారు. మా ఆయన పాత ఆసుపత్రికి వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చి జిరాక్సులు పట్టుకొచ్చారు. వాటిలో దారి చాలలేదని ఎక్కడా లేదు. బిడ్డ తల కిందికే ఉంది గానీ ముఖం పైకి తిరిగి ఉంది, అందుకే దిగలేదు, గుండె వేగం పడిపోతోందని కోశాం అని ఉంది. డాక్టరమ్మ మందుల చీటీ వెనక పెన్నుతో బొమ్మ గీసి చూపించారు. బిడ్డ ముఖం అమ్మ వెన్నువైపు ఉంటే తల సులువుగా వంగి దిగుతుంది, పైకి చూస్తుంటే తలలో వెడల్పు భాగం ముందుకొచ్చి అడ్డుపడుతుంది. "ఇది ఆ బిడ్డ పడుకున్న తీరు తల్లీ, నీ ఎముకల తప్పు కాదు. మళ్లీ అలాగే పడుకోవాలని లేదు" అన్నారు. ఆ చీటీ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఈ కాగితాల విషయంలో మీరు ఆలస్యం చేయకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవారి రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైన రోజు నుంచి ఆ 3 ఏళ్లు లెక్క. మీ బాబు వయసు చూస్తే గడువు దగ్గర పడింది. ఈ వారమే ఎవరినైనా పంపండి.

నోట్స్ చేతికొచ్చాక డాక్టర్‌తో కూర్చుని చూడాల్సింది ముఖ్యంగా గర్భసంచి మీద కోత ఎటు పడిందన్నది. చర్మం మీద అడ్డగీత ఉంటే లోపల కూడా అడ్డంగానే కోశారని కాదు, ఇది చాలామందికి తెలియదు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోస్తే నార్మల్‌కి ప్రయత్నించే అవకాశం ఉంటుంది. పై భాగంలో నిలువుగా కోసి ఉంటే ఆ ఆలోచనే పెట్టుకోకూడదు, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయించుకోవాలి. "ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అని మన పెద్దవాళ్లు అనే మాట 1916లో ఎడ్విన్ క్రాగిన్ అనే న్యూయార్క్ డాక్టర్ చెప్పింది. అప్పట్లో నిలువు కోతలే వాడుక కాబట్టి ఆ కాలానికి అది సబబు. కోత పక్కకి చీలిందా, తర్వాత లోపల ఇన్ఫెక్షన్ వచ్చిందా, ఎన్ని సెంటీమీటర్ల దాకా తెరుచుకున్నాక ఆగిపోయింది అన్నవి కూడా చూడాలి.

ఇక రిస్క్ సంగతి. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో లెక్కలు ఇలా ఉన్నాయి. ఒక సిజేరియన్ తర్వాత నార్మల్‌కి ప్రయత్నించిన 100 మందిలో 72 నుంచి 75 మందికి నార్మల్ అవుతుంది. అంతకుముందు ఒక్కసారైనా నార్మల్ అయి ఉంటే 85 నుంచి 90 మందికి. అందరూ భయపడేది గర్భసంచి మీది పాత కుట్టు విచ్చుకోవడం గురించి. నొప్పులు వాటంతట అవి వచ్చినప్పుడు అది సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. మందులతో నొప్పులు తెప్పిస్తే, లేదా పెంచితే ఆ ప్రమాదం రెండు మూడు రెట్లు అవుతుంది. 200లో ఒకటి చిన్నదే అనిపిస్తుంది గానీ, జరిగితే నిమిషాల్లో థియేటర్‌కి చేర్చాల్సిన ప్రమాదం. అందుకే ఎవరైనా "ఏం కాదులే" అంటే వినకండి. అలాగే "ప్రాణాల మీదకి వస్తుంది" అని ఒక్క మాటతో తలుపు మూసేసేవాళ్ల మాట కూడా వినకండి. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. ఈ వాతావరణంలో నార్మల్ ట్రై చేద్దామనే డాక్టర్ దొరకడమే కష్టం. మీకు ఒకరు దొరికారు, అది చిన్న విషయం కాదు.

స్కాన్‌లో కుట్టు మందం ఇన్ని మిల్లీమీటర్లే ఉంది అని బెదిరిస్తే, ఆ ఒక్క అంకె మీద నిర్ణయం తీసుకోవద్దు. ఇంత ఉంటే క్షేమం అని అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. బిడ్డ బరువు అంచనా కూడా అంతే, నెలలు నిండేసరికి అటూ ఇటూ పది శాతం పైనే తేడా రావచ్చు.

నేను నార్మల్‌కే ప్రయత్నించాను, కానీ షరతులతో. తొమ్మిదో నెల మొదట్లో డాక్టరమ్మతో మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకున్నాం. నొప్పులు వాటంతట అవి వస్తే ప్రయత్నం. తేదీ దాటి వారమైనా రాకపోతే ఆపరేషన్. మాత్ర పెట్టి నొప్పులు తెప్పించడం లేదు (కుట్టు ఉన్న గర్భసంచికి మిసోప్రోస్టాల్ అనే ఆ మాత్ర పనికిరాదు). బిడ్డ గుండె చప్పుడు మిషన్ మీద ఆగకుండా చూస్తూ ఉండాలి. చివరిది నేను పట్టుబట్టి రాయించింది: పరీక్ష చేసిన ప్రతిసారీ ఏం కనిపించిందో నాకు చెప్పాలి, నాతో చెప్పకుండా నన్ను ఎక్కడికీ తీసుకెళ్లకూడదు.

నొప్పులు తేదీకి ముందే, సాయంత్రం పూట మొదలయ్యాయి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ నాకు కొత్త. చిన్న వయసే. ఆ కాగితం నిలబడే మొత్తం చదివి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని "మీకు అన్నిటికంటే ఏది భయం?" అని అడిగింది. కుట్టు దగ్గర నొప్పి వస్తే నాకెలా తెలుస్తుంది అన్నాను. నొప్పి తగ్గిన ప్రతిసారీ పొత్తికడుపు మీద చెయ్యి వేసి "ఇప్పుడు ఉందా?" అని అడిగేది. మామూలు నొప్పి వచ్చిపోతుంది, కుట్టు నొప్పి మధ్యలో కూడా పోకుండా అక్కడే ఉండిపోతుందట. నొప్పి కంటే ముందే బిడ్డ గుండె వేగంలో తేడా కనిపించవచ్చని, కడుపుకి కట్టిన ఆ మిషన్ బెల్టు అందుకేనని చెప్పింది. కారిడార్లో ట్రాలీ చక్రాల చప్పుడు వినపడినప్పుడు మాత్రం ఏడ్చేశాను. అది నా కోసం కాదని తలుపు తీసి చూపించింది. తెల్లారాక చిన్నది పుట్టింది. కొన్ని కుట్లు పడ్డాయి, అంతే.

నాకు నార్మల్ అయింది కాబట్టి మీరూ అదే చేయాలని చెప్పడం లేదు. మా తోడికోడలిది నాకు పూర్తిగా వ్యతిరేకం. తనకి మొదటిది నార్మలే, కానీ వాక్యూమ్ పెట్టి లాగారు. కింద మలద్వారం కండరం దాకా చిరిగింది. నెలల తరబడి గ్యాస్ కూడా ఆపుకోలేక పెళ్లిళ్లకి పేరంటాలకి రావడం మానేసింది, ఎవరికీ చెప్పుకోలేదు. రెండోసారి తను ముందే తేదీ ఖాయం చేసుకుని ఆపరేషన్ చేయించుకుంది. "నార్మల్ అయినదానికి కోయించుకోవడం ఏం ఖర్మ" అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి తన బాధ తెలియదు. అలాంటి చిరుగు పడి ఇంకా ఇబ్బంది ఉన్నవాళ్లకి సిజేరియన్ గురించి చెప్పడం డాక్టర్ల బాధ్యత. తను తీసుకున్నది సరైన నిర్ణయం, నేను అప్పుడూ ఇప్పుడూ అదే అంటాను.

మీరూ ఆపరేషన్‌కే మొగ్గితే ముహూర్తం గొడవ తప్పదు, మా ఇంట్లోనూ వచ్చింది. పంతులుగారు 37వ వారంలో ఒక మంచి నక్షత్రం చూపించారు. డాక్టర్ ఒప్పుకోలేదు, మంచి పని చేశారు. ప్రత్యేకమైన కారణం లేకుండా 39 వారాల కంటే ముందు తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. ముహూర్తం 39 నిండాక వెతకమనండి, ఆ రోజుల్లోనూ మంచి ఘడియలు దొరుకుతాయి.

నార్మల్ ప్రయత్నం ఎక్కడ చేయాలన్నది కూడా తేల్చుకోండి. రాత్రి రెండింటికి కూడా మత్తు డాక్టర్, థియేటర్, రక్తం, పిల్లల డాక్టర్ అందుబాటులో ఉండాలి. "ఫోన్ చేస్తే వస్తారు" అంటే సరిపోదు, ఎంతసేపట్లో అని అడగండి. ప్రైవేటులో ఖర్చు భారం అనుకుంటే గవర్నమెంటువి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), వన్‌టౌన్‌లో ఘోషా ఆసుపత్రి ఉన్నాయి. గవర్నమెంటులో కాన్పు అయితే ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి కూడా వస్తుంది. మీది గాజువాక కాబట్టి దారి ఇప్పుడే చూసుకోండి. సింధియా, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీలు, ఎన్ఏడీ వైపు స్టీల్ ప్లాంట్ షిఫ్టు మారే వేళ రద్దీ. కుట్టు ఉన్నవాళ్లు నొప్పులు బాగా ముదిరేదాకా ఇంట్లో ఉండకూడదు, మొదలవగానే బయలుదేరాలి. నెలలు నిండాక నగరంలో చుట్టాలింట్లో ఉండగలిగితే ఇంకా మంచిది.

మీ భయం గురించి ఒక మాట. "అందరూ కనట్లేదా" అని కొట్టిపారేయనివ్వకండి. ఆ రాత్రి కలలోకి వస్తోందన్నారు, ఆసుపత్రి వాసనకే వణుకు వస్తోందన్నారు. అది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే, బీపీ షుగర్ చెప్పినట్టే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. భయం తగ్గకపోతే, అన్నీ తెలుసుకున్నాక కూడా నొప్పులు పడలేను అనిపిస్తే, ఆపరేషన్ కోరుకోవడానికి ఆ కారణం చాలు. అత్తగారికి ఇంకో కారణం చూపించాల్సిన పని లేదు.

ఐదో నెల స్కాన్ అయ్యే ఉంటుంది. ఆ రిపోర్టులో మాయ (ప్లాసెంటా) ఎక్కడుందని రాశారో ఇవాళే చూడండి. గర్భసంచిలో పైన ఉంటే ఇంతవరకు చెప్పిందంతా మీకు వర్తిస్తుంది. కిందికి, ముందువైపు, పాత కుట్టు మీదుగా ఉంటే మాత్రం 32 వారాలప్పుడు మళ్లీ చూపించుకోవాలి. చాలామందికి అప్పటికి పైకి జరుగుతుంది. జరగకుండా దారికి అడ్డంగా ఉండిపోతే నార్మల్ మాట ఉండదు, పైగా మాయ గర్భసంచి గోడకి అతుక్కుపోయిందేమో చూడాలి. 2006లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మాయ అలా అడ్డంగా ఉండి రెండో సిజేరియన్ అయినవాళ్లలో 100కి 11 మందికి అది అతుక్కుని ఉంది, మూడో సిజేరియన్ వాళ్లలో 40 మందికి. అలాంటప్పుడు చిన్న నర్సింగ్ హోమ్ కాదు, రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి. రిపోర్టు చూసి మాయ గురించి ఏం రాశారో ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, డాక్టర్‌ని ఏమేం అడగాలో నాకు తెలిసినంతవరకు రాస్తాను.