జాయినింగ్ బోనస్ అడగాలంటే మొహమాటంగా ఉంది

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఒకే కంపెనీలో చేస్తున్నాను మేడమ్. ఇప్పుడు వేరే చోట ఇంటర్వ్యూలన్నీ అయిపోయి ఆఫర్ ఇచ్చారు. జీతం నేను అడిగినదానికంటే తక్కువే, అదేంటని అడిగితే ఈ లెవెల్‌కి ఇంతకు మించి కుదరదు అంటున్నారు హెచ్‌ఆర్ వాళ్లు. ఇంకో రెండు నెలలు ఆగితే ఇక్కడ ఏడాది బోనస్ చేతికొస్తుంది, వాళ్లేమో వెంటనే వచ్చేయమంటున్నారు. కొత్తగా చేరేటప్పుడు ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ అడుగు అని ఫ్రెండ్ అంటున్నాడు కానీ, అడిగితే అత్యాశ అనుకుని ఆఫరే క్యాన్సిల్ చేస్తారేమోనని భయంగా ఉంది. ఎంత అడగాలి, ఎలా అడగాలి?

జవాబు: అడగండి, మీ దగ్గర అడగడానికి కారణం ఉంది. రెండు నెలల్లో రావాల్సిన డబ్బు వాళ్ల తొందర వల్ల వదిలేసుకుని వెళ్తున్నారు కదా, ఎంత అడగాలో ఆ లెక్కే చెప్తుంది. పోయే బోనస్ ఎంత, ఇంకా మీ పేరు మీదకి రాని కంపెనీ షేర్లేమైనా ఉంటే వాటి విలువెంత, నోటీస్ పూర్తిగా చేయకపోతే కట్టాల్సిందెంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. "నాకు ఇంకొంచెం కావాలి" అంటే బేరం లాగా ఉంటుంది, "మీరు చెప్పిన తేదీకి వస్తే నాకు ఇంత నష్టం, దీన్ని జాయినింగ్ బోనస్‌గా ఇవ్వగలరా" అంటే హెచ్‌ఆర్ వాళ్లు పైవాళ్లకి చెప్పుకోడానికి ఒక మాట దొరుకుతుంది, ఎందుకంటే చాలాసార్లు ఓకే చెప్పేది వాళ్లు కాదు, పైన ఎవరో. నష్టానికి రుజువు అడిగినా అడుగుతారు, పాత కంపెనీ బోనస్ లెటర్ దగ్గర పెట్టుకోండి. లేని బోనస్‌ని మాత్రం ఉన్నట్టు చెప్పకండి.

జీతం పెంచలేమన్నవాళ్లు ఇది ఇస్తారా అని మీకు డౌట్ రావచ్చు. ఇవ్వొచ్చు. జీతం పెంచితే అదే లెవెల్‌లో ఉన్న పాతవాళ్లతో తేడా వస్తుంది, పైగా ఏటేటా మోయాలి. ఇది ఒక్కసారితో అయిపోయే ఖర్చు కాబట్టి వాళ్లకి తేలిక. మీకు తిరకాసు కూడా అక్కడే ఉంది. మీరు 110 అడిగితే జీతం 100, బోనస్ 10 ఇచ్చారనుకోండి, మొదటి ఏడాది సరిపోయినట్టే ఉంటుంది, రెండో ఏడాది 10 శాతం పెరిగినా మీ జీతం 110 దగ్గరే ఉంటుంది, అదే మొదట్నుంచీ 110 ఉండుంటే 121 అయ్యేది. అందుకే ముందు జీతం మీద గట్టిగా అడిగి, అది ఇక కదలదని తేలాకే బోనస్ మాట ఎత్తండి. ఆఫర్‌లో మొదటి ఏడాది మొత్తం ప్యాకేజీ అని చూపించే అంకెలో ఈ బోనస్ కూడా కలిపేస్తుంటారు, అది తీసేసి చూసుకోండి.

టైమింగ్ అంటారా, ఆఫర్ చేతికొచ్చాక, మీరు ఒప్పుకునే లోపు. మర్యాదగా ఒకసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం అరుదు, మహా అయితే కుదరదంటారు. ఫోన్‌లో మాట్లాడి, అదే రోజు మెయిల్ పెట్టండి. "చూద్దాంలెండి, జాయినయ్యాక సెట్ చేస్తాం" అన్న మాటని నేనైతే లెక్కలోకే తీసుకోను, ఆఫర్ లెటర్‌లో అంకె, ఇచ్చే తేదీ రెండూ ఉండాలి. మొదటి జీతంతో ఇచ్చేవాళ్లూ ఉన్నారు, కొన్ని నెలలయ్యాక ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఇక అందరూ చదవకుండా సంతకం పెట్టేసే లైన్ ఒకటుంది, ఇన్ని నెలల్లోపు మానేస్తే బోనస్ తిరిగి కట్టాలి అని. 12 నెలలు, 24 నెలలు ఎక్కువగా కనిపిస్తాయి. 120 ఇచ్చి 12 నెలల షరతు పెట్టారనుకుందాం. మీరు 8 నెలలు చేసి మానేస్తే, నెలల లెక్కన తగ్గించే పద్ధతైతే 40 కడితే చాలు, అలా రాసి లేకపోతే మొత్తం 120 అడుగుతారు. ఇంకో చిక్కు, టాక్స్ పోను మీ చేతికి వచ్చింది తక్కువ, తిరిగి కట్టమనేది మాత్రం టాక్స్‌తో కలిపి కావచ్చు. కంపెనీవాళ్లే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తే కూడా కట్టాలా అనేది కూడా చూడండి. ఇవి మార్చమని అడగొచ్చు, నన్నడిగితే అంకె ఇంకాస్త పెంచమనే కంటే నెలల లెక్క పెట్టించుకోవడమే మేలు.

ప్రశ్న: జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాది కూడా కాలేదండీ, ఇంతలో ఇంకో మంచి ఆఫర్ వచ్చింది. తిరిగి కట్టాల్సిన డబ్బు కొత్తవాళ్లని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు, పైన చెప్పిన లెక్కే మీకూ వర్తిస్తుంది, వదులుకునేదాని బదులు కట్టాల్సింది చూపిస్తారు, అంతే తేడా. కాకపోతే కొత్తవాళ్లిచ్చే దానిమీద కూడా టాక్స్ పడుతుంది, కట్టాల్సినంతే అడిగితే తక్కువ పడుతుంది, ఆ తేడా కూడా కలిపి అడగండి. పాత చోట రాజీనామా ఇచ్చే ముందే ఇది రాతపూర్వకంగా తెప్పించుకోండి, కొత్త లెటర్‌లో కూడా ఇలాంటి షరతే ఉండొచ్చు, అది ఎన్ని నెలలో చూసి మరీ సంతకం పెట్టండి.