అన్నయ్య నుంచి గార్డియన్ బాధ్యత తీసుకునే ముందు

అమ్మాయ్,

అన్నయ్యకు గుండె ఆపరేషన్ అయిందని, ఇకమీదట మతి నిలకడ లేని మీ అమ్మ బాధ్యత నువ్వు తీసుకుంటానన్నావని విన్నాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. కానీ ఆలస్యం చేయకు. హైకోర్టు ఆర్డర్‌లో అమ్మకు గార్డియన్‌గా ఉన్నది వాడి పేరు. నలుగురి ముందు నీకు అప్పగించినా, స్టాంపు కాగితం మీద రాసిచ్చినా చెల్లదు. ఆ కోర్టుకే మళ్ళీ వెళ్ళాలి.

మా అత్తగారి విషయంలో మేం ఇక్కడే దెబ్బతిన్నాం. గార్డియన్‌గా ఉన్న బావగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయేదాకా ఊరుకున్నాం. ఆ తర్వాత నాలుగు నెలలు ఆవిడ పెన్షన్ బ్యాంకులోనే ఉండిపోయింది, మందులకు మేం అప్పు చేశాం. డిపాజిట్ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పే మనిషే లేడు. అందుకే ఈ ఆదివారమే అన్నయ్య పక్కన కూర్చో. పాస్‌బుక్కులు, లాకర్ తాళం, ఇంటద్దె, ఆయా జీతం అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. వాడి లెక్క అక్కడితో తెగాలి.

అమ్మ చేత జీపీఏ, అంటే ఆవిడ తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం, రాయించుకోమని ఎవరైనా అంటే వినకు. మతి నిలకడ లేని మనిషి సంతకం నిలవదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసిన జీపీఏ కూడా, మతి తప్పాక 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం రద్దయిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో చెప్పిన నామినీ ప్రతినిధి వైద్యం వరకే, ఆస్తికి పనికిరాడు.

డాక్టరు ఇచ్చిన తాజా సర్టిఫికెట్, అన్నయ్య ఆరోగ్యం కాగితాలు, తమ్ముడి అంగీకారం అఫిడవిట్‌గా సిద్ధం చేసుకో. తమ్ముడితో ముందే మాట్లాడు తల్లీ, కోర్టులో తెలిస్తే మనసు విరుగుతుంది. గార్డియన్ అయినంత మాత్రాన ఇల్లు అమ్మే హక్కు వచ్చేయదు. ఆర్డర్‌లో లేనిదానికి మళ్ళీ అనుమతి అడగాల్సిందే.

ఇక మీ అమ్మ సంగతి. మేం బీరువా తాళాలు తీసేసుకున్న రోజు నుంచి మా అత్తగారు నడుము తడుముకుంటూ ఇల్లంతా తిరిగేవారు, అన్నం కూడా ముట్టలేదు. చివరికి పాత తాళంచెవులు నాలుగు గుత్తిగా కట్టి బొడ్లో దోపితే నిమ్మళించారు. నా చెల్లెలి చేతిలోంచి కూడా దేన్నీ ఉన్నట్టుండి లాక్కోకండి.

పాత ఆర్డర్ కాపీ వాట్సాప్‌లో పంపు. కోర్టుకు లెక్కలు ఎన్నాళ్ళకోసారి ఇవ్వమన్నారో చదివి రాత్రికి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ