మన నియోజకవర్గం నుంచి ఇప్పటిదాకా ఎవరెవరు గెలిచారో జాబితా ఎలా తయారుచేయాలి?

మీరు అడిగింది ఇదీ: మీ నియోజకవర్గం 1952 నుంచి ఇప్పటివరకు ఎన్నుకున్న ప్రతినిధుల జాబితా రాసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? నేను నంద్యాల లోక్‌సభ స్థానానికి ఈ పని చేశాను. మా తాతగారు కోవెలకుంట్ల మనిషి, ఆయన కోసమే మొదలుపెట్టాను. వారం రోజుల్లో అయిపోతుందనుకున్నది నాలుగు నెలలు పట్టింది. పేర్లు దొరకడం కష్టం కాదు. నియోజకవర్గం పేరు అలాగే ఉండి కింద నేల మారిపోతుంది చూడండి, అసలు కష్టమంతా అక్కడే.

మొదటి చిక్కు రెండో వరుసలోనే వచ్చింది. 1952లో రాయసం శేషగిరిరావు ఇండిపెండెంట్‌గా గెలిచారు. అప్పటికి మనది ఇంకా మద్రాసు రాష్ట్రం. ఆ తర్వాత 1957, 1962 గళ్లు ఖాళీ. రికార్డులు పోయాయేమో అనుకుని చాలా వెతికాను. తీరా చూస్తే ఆ రెండు ఎన్నికల్లో నంద్యాల పేరుతో సీటే లేదు! పెండేకంటి వెంకటసుబ్బయ్య ఆ రెండుసార్లూ ఆదోని నుంచి గెలిచి, 1967, 1971లలో నంద్యాల నుంచి గెలిచారు. అందుకే మీ జాబితాలో గడి ఖాళీగా ఉంటే పేరు దొరకలేదని అనుకోకండి. ఆ ఏడాది సీటు ఉందా లేదా అన్నది ముందు చూడండి.

రెండోది ఉప ఎన్నికలు. సార్వత్రిక ఎన్నికల పట్టికల్లో ఇవి కనపడవు, నంద్యాల చరిత్రలో సగం మాత్రం వీటిలోనే ఉంది. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు వెళ్తే, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. మార్చిలో స్పీకర్ అయ్యారు, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. అంటే ఆయన మాకు ఎంపీగా ఉన్నది నాలుగు నెలలే, ఆ తర్వాత సీటు ఖాళీ అయింది. మా తాతగారు ఆయనకే ఓటేశారట. "గెలిపించుకున్న మనిషిని ఢిల్లీ ఉంచేసుకుంది" అని ఇప్పటికీ ఆనందంగా చెబుతారు.

ఇక 1991. జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటు సభ్యుడు కాదు. మంత్రిగా ఉండాలంటే ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి, ప్రధానికీ అదే నిబంధన. నంద్యాలలో కొత్తగా గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. పీవీకి వచ్చిన మెజారిటీ సుమారు 5 లక్షల 80 వేలు, అప్పటికి అదే రికార్డు. సార్వత్రిక ఎన్నికల పట్టిక మాత్రమే చూసి రాస్తే 1991 ఎదురుగా గంగుల పేరు ఒక్కటే ఉంటుంది. దేశ ప్రధానిని ఎన్నుకున్న ఊరి చరిత్రలో ప్రధాని పేరే లేకుండా పోతుంది. నా మొదటి పట్టికలో జరిగింది అదే. తాతగారు చూసి చాలా బాధపడ్డారు.

1996లో కూడా ఇలాంటిదే. పీవీ ఇక్కడా, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురం ఉంచుకున్నారు. ఇక్కడి ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి గెలిచారు, 1998, 1999లలో కూడా ఆయనే. ఆ తర్వాతది తేలిక: 2004, 2009లలో కాంగ్రెస్ నుంచి, 2014లో వైఎస్సార్‌సీపీ నుంచి ఎస్పీవై రెడ్డి, 2019లో పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో బైరెడ్డి శబరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నంద్యాల అసెంబ్లీ సీటు కూడా, పార్లమెంటు సీటు కూడా. 2017 అసెంబ్లీ ఉప ఎన్నికలో గెలిచింది భూమా బ్రహ్మానందరెడ్డి, 2019లో ఎంపీ అయింది పోచా బ్రహ్మానందరెడ్డి. ఇద్దరినీ ఒకరే అనుకుని నేను ఒక సాయంత్రమంతా తలబద్దలు కొట్టుకున్నాను. ఎమ్మెల్యేలకు ఒక కాగితం, ఎంపీలకు ఒక కాగితం విడిగా పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం సరిహద్దులు. 2008 పునర్విభజనలో, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసినప్పుడు, కోవెలకుంట్ల, ఆత్మకూరు అసెంబ్లీ సీట్లు రద్దయ్యాయి. బనగానపల్లె, శ్రీశైలం వచ్చాయి. అంతకుముందు మా పార్లమెంటు సీటులో ఉన్న గిద్దలూరు ఒంగోలుకు వెళ్లింది. అంటే 1991లో పీవీకి ఓటేసిన గిద్దలూరు వాళ్లకు 2009 నాటికి నంద్యాల ఎంపీతో సంబంధమే లేదు. 2004 మెజారిటీని 2009 మెజారిటీతో పోల్చి ఫలానా నాయకుడి బలం తగ్గిందనో పెరిగిందనో రాసేవాళ్లను చూస్తే నాకు మనసు ఒప్పదు. ఓటర్లే వేరైనప్పుడు ఆ పోలిక ఎలా నిలుస్తుంది?

కాబట్టి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి ఎన్నికకూ గణాంక నివేదిక ఉంది, 1951–52 నుంచి. దాంతో మొదలుపెట్టండి. పక్కన ఆయా కాలాల పునర్విభజన ఉత్తర్వులు పెట్టుకుని, ప్రతి పేరు ఎదురుగా ఆ పార్లమెంటు సీటు కింద అప్పట్లో ఉన్న అసెంబ్లీ సీట్లు రాయండి. ఉప ఎన్నికలకు వేరే రంగు వాడండి. మీ ఇంట్లోనో వీధిలోనో డెబ్భై దాటినవాళ్లు ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. 1996 ఉప ఎన్నిక సంగతి నాకు తెలిసింది ఏ నివేదికలోనూ కాదు, తాతగారు "ఆ ఏడు రెండుసార్లు వేలికి సిరా పెట్టించుకున్నాం కదరా" అన్నప్పుడే.