పిల్లల్ని తీసుకుని వేరే దేశానికి వాలంటీర్‌గా వెళ్ళాలనుకునే కొత్తవాళ్ళకి

ఈ మధ్య అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు కొందరు ఒకటే అడుగుతున్నారు, సెలవుల్లో పిల్లల్ని ఊరికే తిప్పుకురావడం కాకుండా ఏదైనా దేశంలో రెండు వారాలు సేవ చేసేలా తీసుకెళ్దాం అనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఆలోచన చాలా మంచిది, నేను ఎవర్నీ వద్దనను, మేమూ వెళ్ళొచ్చాం, ఇక్కడ తెలిసినవాళ్ళు కూడా వెళ్ళొచ్చారు. కానీ ఏ దేశం, ఏ ఫ్లైట్ అన్నది తర్వాత సంగతి. ముందు మీ పిల్లాడి వయసుకి అక్కడ చెయ్యడానికి నిజంగా పని ఉందా, ఆ పని అక్కడివాళ్ళకి నిజంగా కావాలా, ఈ రెండూ తేల్చుకోండి. ఇవి తేలితే మిగతావన్నీ కాగితాలూ టీకాలూనే, ఓపిగ్గా చేసుకుంటే అయిపోతాయి. తేలకపోతే మాత్రం పిల్లలకి విసుగు, మీకు అలసట, అక్కడివాళ్ళకి అదనపు భారం.

ఒక్కటి గట్టిగా చెప్తాను, అనాథాశ్రమాల జోలికి మాత్రం వెళ్ళకండి. చాలామందికి మొదట తట్టేది ఇదే, మా పిల్లలు అక్కడి పిల్లలతో ఒక వారం ఆడుకుంటారు, తమకి ఎంత ఉందో వాళ్ళకే అర్థమవుతుంది అని. ప్రపంచంలో ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో 80 శాతానికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని ఈ పని చేసే సంస్థలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. నేపాల్లో, కంబోడియాలో విదేశీయులు ఇచ్చే డబ్బు కోసమే పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపిన సంగతులు బయటికొచ్చాయి, ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఇలా పిల్లల్ని ఆశ్రమాలకి తరలించడాన్ని కూడా అందులో ఒక రూపంగానే గుర్తించింది. ఇదంతా పక్కన పెట్టినా, వారం వారం కొత్త మనుషులు వచ్చి ముద్దుచేసి వెళ్ళిపోతుంటే ఆ పసివాళ్ళ మనసు ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి, మన పిల్లాడికి పాఠం చెప్పడానికి ఇంకొకరి పిల్లాడి కష్టాన్ని చూపించడం నాకు ఏ రకంగానూ సమ్మతం కాదు.

మరి ఏ పని అంటే, పిల్లలు చేతులతో చెయ్యగలిగేది, చేసినంత మేర కంటికి కనపడేది. మొక్కల నర్సరీలో సంచుల్లో మట్టి నింపడం, బీచ్‌లో ప్లాస్టిక్ ఏరడం, స్కూల్ లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వెయ్యడం, ఇలాంటివి. సముద్రపు తాబేళ్ళ పని గురించి చాలామంది అడుగుతారు, కోస్టారికాలో టోర్టుగేరో ఉంది కదా, 1950ల నుంచి అక్కడ తాబేళ్ళ మీద పని జరుగుతోంది, జూలై నుంచి అక్టోబరు దాకా పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కానీ ఒకటి గమనించండి, తాబేలు ఒడ్డుకొచ్చేది రాత్రిపూట, అంటే అర్ధరాత్రి చీకట్లో, తెల్ల లైటు వెయ్యకుండా, మాట్లాడకుండా ఇసుకలో మైళ్ళకొద్దీ నడవాలి. ఆరేళ్ళ పిల్లకి అది అయ్యే పని కాదు, సంస్థలు కూడా ఆ వయసువాళ్ళని మామూలుగా రానివ్వవు. అదే పగటి పని వేరు, పిల్ల తాబేళ్ళు గూట్లోంచి వెళ్ళిపోయాక ఆ గుంటని తవ్వి ఖాళీ గుడ్డు పెంకులు లెక్కపెట్టి ఎన్ని పిల్లలయ్యాయో రాసుకుంటారు. చేతికి గ్లవ్స్ వేసుకుని, చినిగిపోయిన మెత్తటి తోలులాంటి ఆ పెంకుల్ని పదేసి చొప్పున వరసలు పేర్చి, సగం కంటే ఎక్కువ ఉన్న పెంకుని ఒకటిగా లెక్కేసి, చిన్న ముక్కల్ని వదిలేసి, మధ్యలో పొదగని గుడ్డు దొరికితే పక్కన పెట్టి, ఇలా గంటసేపు కదలకుండా కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. వాళ్ళు చెప్పిన అంకెని పెద్దవాళ్ళు రిజిస్టర్లో రాస్తుంటే ఆ మొహాలు వెలిగిపోతాయి. అదీ పిల్లల పని అంటే. ఇళ్ళు కట్టే పనికి మాత్రం చిన్నపిల్లలతో ఆశ పెట్టుకోకండి, హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ లాంటి పెద్ద సంస్థలు నిర్మాణం జరిగే చోటకి 16 ఏళ్ళ లోపు పిల్లల్ని రానివ్వవు, అది మన మంచికే.

సంస్థతో మెయిల్స్‌తో సరిపెట్టుకోకుండా ఒక్కసారైనా ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడండి, చాలా విషయాలు అక్కడే తేలతాయి. మా పాపకి ఏడేళ్ళు, పొద్దున పది నుంచి పదకొండు దాకా తను ఏం చేస్తుంది అని సూటిగా అడగండి. మేమిద్దరం పనిలో ఉంటే పాప దగ్గర ఎవరుంటారు, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి జ్వరం వస్తే బండి దొరుకుతుందా, ఇంతకుముందు పిల్లలతో వచ్చిన వాళ్ళెవరితోనైనా మాట్లాడిస్తారా అనీ అడగండి. ఇదే పని మీరు రాకపోతే ఎవరు చేస్తారు అన్నది కూడా అడగండి, ఊళ్ళో కూలికి వచ్చే మనిషి నోటికాడ పని మనం ఉచితంగా చేసి వచ్చేస్తే అది సేవ ఎలా అవుతుంది. ఇంకొకటి, మంచి సంస్థ అయితే మీ పోలీస్ క్లియరెన్స్, అంటే మీ మీద కేసులేవీ లేవని పోలీసులిచ్చే కాగితం, వాళ్ళే అడుగుతారు, ముఖ్యంగా అక్కడి పిల్లలు ఉండే చోట. అడగలేదంటే మీ పిల్లాడి పక్కన పనిచేసే మిగతా వాలంటీర్లనీ అడగలేదనే అర్థం. అన్నీ మేం చూసుకుంటాం మీరు డబ్బు కట్టి వచ్చెయ్యండి అన్నారంటే దాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.

ఇప్పుడు కాగితాలు, మనవాళ్ళకి నిజంగా చిక్కు వచ్చేది ఇక్కడే. మన ఇళ్ళల్లో తల్లిదండ్రులది ఇండియా పాస్‌పోర్టు, ఇక్కడ పుట్టిన పిల్లది అమెరికా పాస్‌పోర్టు, పెద్దాడు ఇండియాలో పుట్టి ఉంటే వాడిది మళ్ళీ ఇండియాది, అంటే ఒకే ఇంట్లో నలుగురికీ ఒకే రూల్ ఉండదు. మెక్సికో తీసుకోండి, పిల్లకి వీసా అక్కర్లేదు, మనకి చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే విడిగా మెక్సికో వీసా లేకుండా రానిస్తారు. నేపాల్ అయితే తిరగబడుతుంది, ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనకి వీసా అక్కర్లేదు, అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లకి కావాలి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఉందిగా అంటే అది ఇండియాకే తప్ప పక్క దేశానికి పనికిరాదు. కాబట్టి ఒక్కొక్కరిదీ విడివిడిగా ఆ దేశపు ఎంబసీ సైట్లో చూసుకోండి. ఇంకో పెద్ద విషయం, టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చెయ్యడం చాలా దేశాల్లో నిషేధం, నేపాల్లో అది చట్టవిరుద్ధం, థాయిలాండ్‌లో జీతం లేని పనికి కూడా వేరే వీసా, వర్క్ పర్మిట్ అడుగుతారు. సంస్థవాళ్ళు టూరిస్టని చెప్పి వచ్చెయ్యండి, ఏం కాదు అంటే నమ్మకండి, పట్టుబడితే పాస్‌పోర్టు మీద మచ్చ మీకే గానీ వాళ్ళకి కాదు, రేపు గ్రీన్ కార్డు అప్లికేషన్లో ఎక్కడైనా అరెస్టయ్యారా, కేసుందా అన్న ప్రశ్నకి జవాబు రాయాల్సింది కూడా మీరే.

అమెరికాలో హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ళ భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు టికెట్ కొనకముందే వీసా స్టాంప్ గడువు చూసుకోండి. ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ పంపే ఆమోదం నోటీసు) కాగితం ఉన్నంతమాత్రాన తిరిగి రానివ్వరు, పాస్‌పోర్టులో స్టాంప్ ఉండాలి, కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్ళొస్తే కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది గానీ ఆఫ్రికాకో నేపాల్‌కో వెళ్తే అది వర్తించదు. పనిలో పనిగా అక్కడే స్టాంపింగ్ చేయించుకుందాం అన్న ప్లాన్ వద్దే వద్దు, 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో నివాసం ఉంటున్న దేశంలోనో అప్లై చెయ్యమంటున్నారు. చేంజ్ ఆఫ్ స్టేటస్, అంటే ఒక రకం వీసా హోదా నుంచి ఇంకోదానికి మారే అప్లికేషన్, పెండింగ్‌లో ఉన్నప్పుడు దేశం దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టే. మీది ఏమాత్రం చిక్కుగా ఉన్నా ముందు లాయర్‌ని అడిగి అప్పుడు కదలండి.

తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళకుండా ఒక్కరే పిల్లతో వెళ్తుంటే రెండోవారి దగ్గర అనుమతి లెటర్ రాయించి నోటరీ చేయించండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ ఉంటారు, ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. మన ఆడవాళ్ళలో చాలామంది పెళ్ళయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే పాస్‌పోర్టులో ఉంచుకుంటారు, పిల్లకి తండ్రి ఇంటిపేరు ఉంటుంది, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఈ పిల్ల మీకేమవుతుంది అన్న ప్రశ్న ఖాయం. బర్త్ సర్టిఫికెట్ చెకిన్ బ్యాగ్‌లో కాకుండా చేతిలో ఉండే ఫోల్డర్‌లోనే ఉంచుకోండి.

ఆరోగ్యం సంగతికొస్తే ట్రావెల్ క్లినిక్‌కి కనీసం ఆరు వారాల ముందు, వీలైతే ఇంకా ముందే వెళ్ళండి. ఎల్లో ఫీవర్ టీకా అన్ని చోట్లా వెయ్యరు, గుర్తింపు ఉన్న సెంటర్లోనే వేస్తారు, వేశాక పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, చెల్లడం మొదలైతే మాత్రం జీవితాంతం సరిపోతుంది, 2016 నుంచి ఈ రూల్ ఉంది. అది లేకపోతే ఘనా, ఉగాండా లాంటి దేశాల్లోకి రానివ్వరు. అటునుంచి అటే ఇండియా వెళ్ళి అమ్మమ్మా తాతయ్యల్ని చూసొద్దాం అనుకునేవాళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకి ఉంది. పిల్లలకి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) కూడా బాకీ ఉంటే రెండూ ఒకే రోజు వేయించాలి, లేదంటే నెల గ్యాప్ ఇవ్వాలి, ముందే వెళ్ళమనేది అందుకే.

మలేరియా దగ్గర మనవాళ్ళ ధీమా చూస్తే నాకు భయం వేస్తుంది. మేం దోమల మధ్యే పెరిగాం, మాకేం కాదు అంటారు. ఆ నిరోధక శక్తి ఊరు వదిలి కొన్నేళ్ళయితే తగ్గిపోతుంది, ఇక్కడ పుట్టిన పిల్లలకి అసలు ఉండనే ఉండదు. మాత్రలు పిల్లల బరువుని బట్టి డాక్టరే రాస్తారు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక ఏడు రోజుల దాకా వెయ్యాలి, మెఫ్లోక్విన్ అయితే వారానికొకటి, రెండు వారాల ముందు నుంచి తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా. మాత్ర మింగలేని పిల్లలకి పొడి చేసి పాలలాంటి దాంట్లో కలిపి ఇవ్వొచ్చేమో క్లినిక్‌లో అడిగి, ఇంటి దగ్గరే ఒకసారి ఇచ్చి చూడండి. దోమల క్రీమ్ పిల్లల చేతిలో పొయ్యకండి, మీ చేతికి రాసుకుని వాళ్ళ మొహానికి రాయండి, సన్‌స్క్రీన్ ముందు, క్రీమ్ ఆ తర్వాత.

కుక్కల గురించి పిల్లలకి పదిసార్లు చెప్పండి. గీరినా కొరికినా తిడతారని పిల్లలు దాచేస్తారు, మా దగ్గరికి వచ్చి చెప్తే ఏమీ అనం అని ముందే మాట ఇవ్వండి. గాయాన్ని సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పల్లెటూరి చోటకి వెళ్తుంటే ముందస్తు రేబిస్ టీకా వేయించడం మంచిది, కరిచాక మళ్ళీ డోసులు ఎలాగూ వెయ్యాలి గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరం తప్పుతుంది, చాలా చోట్ల అదే దొరకదు.

పాములు, దోమలు అని భయపడతాం గానీ 5 నుంచి 29 ఏళ్ళ మధ్యవాళ్ళని ప్రపంచంలో ఎక్కువగా బలి తీసుకునేది రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కార్ సీటో బూస్టరో బరువైనా తీసుకెళ్ళండి, సంస్థ పంపే బండిలో వెనక సీట్లకి బెల్టులు ఉన్నాయా అని రాసి మరీ అడగండి, రాత్రి ప్రయాణాలు పెట్టుకోకండి. ఇన్సూరెన్స్‌లో వాలంటీర్ పని కవర్ అవుతుందా, ఎయిర్ లిఫ్ట్ చేసి తెచ్చే ఖర్చు ఉందా అన్న రెండూ చదవండి, ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ బయట దేశాల్లో చాలావరకు పనిచెయ్యదు.

పిల్లని సిద్ధం చెయ్యడం వీటన్నిటికంటే నెమ్మదిగా జరిగే పని. ముందు తనని అడగండి, వెళ్దామా అని, నిజంగా అడగండి. ఇక్కడే ఏదైనా ఫుడ్ బ్యాంకులో వరసగా కొన్ని శనివారాలు డబ్బాలు సర్దే పనికి తీసుకెళ్ళండి, రెండు గంటల తర్వాత కూడా ఓపికగా ఉందా, నలభై నిమిషాలకే వాలిపోతోందా అన్నది మీకే తెలుస్తుంది, ఆ టైముని బట్టే అక్కడ పూట పని ఒప్పుకోండి. పేదవాళ్ళకి సాయం చెయ్యడానికి వెళ్తున్నాం అని చెప్పకండి, అక్కడివాళ్ళు చేస్తున్న పనిలో మనం ఓ చెయ్యి వెయ్యడానికి వెళ్తున్నాం అని చెప్పండి, పిల్ల అక్కడివాళ్ళని చూసే చూపే మారిపోతుంది. ఆ భాషలో నమస్కారం, థాంక్స్, నొప్పిగా ఉంది, బాత్రూమ్ ఎక్కడ, ఈ నాలుగూ నేర్పండి. అక్కడి పిల్లల ఫోటోలు తీసి పోస్ట్ చెయ్యకూడదనీ, చాక్లెట్లూ డబ్బులూ చేతికి ఇవ్వకూడదనీ, ఇవ్వాలనిపించింది ఏదైనా స్కూల్ టీచర్‌కి ఇద్దామనీ ముందే అనుకోండి, మీరూ పాటించండి. మొదటి రెండు రోజులు పని పెట్టుకోకండి, మధ్యలో కూడా ఒక రోజు ఖాళీగా ఉంచండి.

తిరిగొచ్చాక రెండు పనులు. మలేరియా ఉన్న చోటకి వెళ్ళొస్తే ఏడాది లోపు పిల్లకి ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్ అడక్కపోయినా ఫలానా దేశం వెళ్ళొచ్చాం అని మీరే చెప్పండి, మామూలు జ్వరమే అని ఇంట్లో మాత్ర వేసి కూర్చోకండి. రెండోది ఐ-94, అంటే మీరు అమెరికాలో ఏ తేదీ దాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. పాస్‌పోర్టు గడువు వీసా కంటే ముందే అయిపోతుంటే ఐ-94ని ఆ పాస్‌పోర్టు తేదీ వరకే ఇచ్చేస్తారు, పిల్లల ఇండియా పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు కాబట్టి ఈ తేడా ఎక్కువగా పిల్లల దగ్గరే వస్తుంది, చాలామంది పెద్దవాళ్ళది చూసుకుని ఊరుకుంటారు. దిగిన వారంలోపే ఐ-94 సైట్లోకి వెళ్ళి ఇంట్లో ప్రతి ఒక్కరిదీ విడిగా డౌన్‌లోడ్ చేసి తేదీలు చూసుకోండి, తక్కువ ఉంటే పాస్‌పోర్టు రెన్యువల్ వెంటనే మొదలుపెట్టి, ఐ-94 ఎలా పొడిగించుకోవాలో ఆ తేదీ దాటకముందే లాయర్‌ని అడగండి.