నగదు వస్తే ఖర్చు రాయడమేమిటి?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ కామర్స్ చదువుతోంది. నా దగ్గరున్న పాత పుస్తకంలోని లెక్కలు తనతో చేయిస్తున్నాను. ‘సరుకు అమ్మగా వచ్చిన నగదు రూ.5,000’ అన్నదానికి జవాబుగా ‘నగదు ఖాతాకు ఖర్చు, అమ్మకాల ఖాతాకు జమ’ అని ఉంది. డబ్బు చేతికి వస్తే ఖర్చు ఎలా అవుతుంది? ఇది అచ్చుతప్పా? అలాగే ‘ఖరీదు’ అంటే ధరా, కొనడమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా. డెబిట్‌కు ‘ఖర్చు’, క్రెడిట్‌కు ‘జమ’ అని వాడిన పుస్తకం అది. చిక్కంతా ‘ఖర్చు’ అన్న మాటకున్న రెండర్థాలతోనే. ఇంట్లో ఖర్చంటే డబ్బు అయిపోవడం. పద్దుల్లో ఖర్చంటే ఒకరి పేరున రాయడం.

మీ ఊరి పక్కనే ఉన్న ఏనుమాముల మార్కెట్‌కు వెళ్దాం. ఒక అడ్తిదారు (అడ్తి అనే కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే వ్యాపారి) విత్తనాల వేళ రైతుకు 20,000 రూపాయలు ఇచ్చాడనుకోండి. ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో (లెడ్జర్), రైతు పేరున 20,000 ఖర్చు రాస్తాడు. పంట వచ్చాక ఆ రైతు మిర్చి 64,000కు అమ్ముడుపోతే ఆ మొత్తాన్ని రైతుకు జమ కడతాడు. మిగిలిన 44,000 చేతికిచ్చి, అదీ రైతు పేరున ఖర్చు రాస్తే ఖాతా తెగిపోతుంది (అడ్తి, హమాలీ పక్కన పెడదాం, లెక్క తేలికగా ఉండాలి కదా). ఇక్కడ ఎవరికీ సందేహం రాదు. పుచ్చుకున్నవాడి పేరున ఖర్చు, ఇచ్చినవాడికి జమ.

ప్రతి లావాదేవీని ఒక ఖాతాకు ఖర్చుగా, మరో ఖాతాకు జమగా రాసే జంటపద్దు విధానం చేసిందల్లా ఈ సూత్రాన్ని మనుషులు కాని వాటికీ వర్తింపజేయడమే. గల్లాపెట్టెను కూడా ఒక మనిషి అనుకోండి. మీరు 5,000 దానికి అప్పగించారు. పుచ్చుకున్నది పెట్టె, కాబట్టి పెట్టె పేరున రాయాలి. రేపు లెక్క చెప్పవలసింది అదే! కిరాణా కొట్లో ‘నా పేరున రాసుకోండి’ అంటాం చూడండి, సరిగ్గా అదే డెబిట్.

అసలు గందరగోళం ‘అద్దె చెల్లించాం: అద్దె ఖాతాకు ఖర్చు’ లాంటి లెక్కలతో మొదలవుతుంది. అక్కడ రెండర్థాలూ ఒకే చోట కలుస్తాయి. దాంతో పిల్లలు అర్థమైందనుకుంటారు, నగదు లెక్క రాగానే తడబడతారు. కాబట్టి అద్దెతో మొదలుపెట్టకండి, అప్పిచ్చిన మనిషితో మొదలుపెట్టండి. పాత చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం) చూసినవారికి ఇంకో తికమక: అందులో వచ్చిన రొక్కం జమ వైపే ఉంటుంది. అది నగదుకు జమ కాదు, తెచ్చిచ్చినవాడికి జమ.

బ్యాంకు సందేశంలో ‘మీ ఖాతాలో జమ అయింది’ అని వస్తుంది. అది బ్యాంకు పుస్తకం మాట. బ్యాంకు దృష్టిలో డబ్బిచ్చినవారు మీరు. అదే సొమ్ముకు మీ పుస్తకంలో బ్యాంకు పేరున ఖర్చు రాయాలి.

‘జమ’ అరబ్బీలో పోగు చేయడం, ‘ఖర్చు’ బయటికి పోవడం. పారసీ మీదుగా మన పద్దుల్లోకి వచ్చాయి. ‘ఆవర్జా’ కూడా పారసీదే. ఇప్పటి పుస్తకాలు డెబిట్, క్రెడిట్ అనే రాస్తున్నాయి. నాకేమీ అభ్యంతరం లేదు. కాని ‘డెబిట్’ అని రాసి పక్కనే ‘జమ’ అని రాయడం మాత్రం కంటికి ఇంపుగా ఉండదు. ఏదో ఒక జంటనే పట్టుకోండి.

ఇక ‘ఖరీదు’. పారసీలో దానికి కొనుగోలు అనే అర్థం. తెలుగులో వెలగా మారింది. ‘ఈ చీర ఖరీదెంత?’ అంటే ధరే. అయితే మార్కెట్‌లో ‘ఖరీదుదారు’ అంటే ఇప్పటికీ కొనేవాడే. అర్థశాస్త్రం లెక్కల్లో ఈ మాట రాస్తే ‘ఖరీదు పెరిగితే ఖరీదు తగ్గును’ అనే వింత వాక్యం తయారవుతుంది. అక్కడ ‘ధర’, ‘కొనుగోలు’ అని విడివిడిగా రాయించండి. ‘ఉపాంత వ్యయం’ (ఇంకొక్క వస్తువు తయారుచేయడానికి అదనంగా అయ్యేది) అన్నచోట కూడా ‘వ్యయం’ తీసి ‘ఖర్చు’ పెట్టనివ్వకండి, పాపం ఆ మాట మీద ఇప్పటికే రెండు బరువులున్నాయి.