వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు కదలడం లేదా? ముందు కింద మూలన తాబేలు ఉందేమో చూడు

ప్రశ్న: రాజాంలో డిప్లొమా చదువుతున్నాను. నాది విండోస్ 11, ఐ5, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు 24.04 ఎక్కిస్తుంటే గంటలకు గంటలు కదలదు. ఒక్కోసారి తెర నల్లగా ఉండిపోతుంది. ఒకసారి ఎలాగో పూర్తయింది గానీ ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరుచుకోలేదు, అడ్మిన్ అధికారమిచ్చే సుడో కూడా పని చెయ్యలేదు. డిలీట్ చేసి మళ్లీ మళ్లీ ఎక్కిస్తున్నాను. ల్యాప్‌టాప్ మార్చాలా?

జవాబు:

తమ్ముడూ, ల్యాప్‌టాప్ మార్చే ఆలోచన పక్కన పెట్టు. ఉబుంటుని ఇంకోసారి మొదటి నుంచి ఎక్కించే పని కూడా ఇప్పుడే వద్దు. నువ్వు చెప్పినవి మూడు వేర్వేరు సమస్యలు. మూడింటికీ డిలీట్ చేసి మళ్లీ ఎక్కించడం ఒక్కటే చేస్తున్నావు కాబట్టి ఏదీ తీరడం లేదు. నిజానికి వీటిలో ఏదీ ఉబుంటు తప్పు కాదు. ఒకటి దాని కిందున్న విండోస్‌ది, మిగతావి వర్చువల్‌బాక్స్ సెట్టింగులవి.

నేను శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సిస్టమ్ సర్వీసు పని చేస్తాను. కాలేజీల్లో లైనక్స్ ల్యాబ్ మొదలయ్యిందంటే ఎచ్చెర్ల, టెక్కలి, మీ రాజాం వైపు నుంచి పిల్లలు ల్యాప్‌టాప్ సంచులతో దిగుతారు. అందరిదీ ఒకటే మాట, "అన్నా, లైనక్స్ ఎక్కట్లేదు." నేను ఇన్‌స్టలేషన్ జోలికి వెళ్లకుండా ముందు ఒకటే చూస్తాను. వర్చువల్ మెషీన్ అంటే నీ ల్యాప్‌టాప్ లోపలే వర్చువల్‌బాక్స్ నడిపే ఉత్తుత్తి కంప్యూటర్. అది నడుస్తున్నప్పుడు ఆ కిటికీ అడుగున కుడివైపు చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. హార్డ్‌డిస్క్, నెట్‌వర్క్, మౌస్, అలాంటివి. వాటిలో ఆకుపచ్చ తాబేలు కనిపించిందంటే నీ గంటల నిరీక్షణకు కారణం దొరికినట్టే. అంతా సవ్యంగా ఉంటే ఆ చోట వి అక్షరమున్న చిప్పు బొమ్మ ఉండాలి.

తాబేలు ఎందుకొస్తుందంటే, ప్రాసెసర్‌లో వర్చువల్ మెషీన్ల కోసమే ఒక సౌకర్యం ఉంటుంది. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఏఎండీ-వీ అంటారు. వర్చువల్‌బాక్స్‌కి అది నేరుగా చేతికి అందాలి. అయితే వర్చువల్ మెషీన్లు నడపడానికి విండోస్‌కి సొంతంగా హైపర్-వీ అనే హైపర్‌వైజర్ ఒకటుంది. అది నడుస్తున్నంతసేపూ ఆ సౌకర్యం దాని గుప్పిట్లోనే ఉంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. వర్చువల్‌బాక్స్ పూర్తిగా ఆగిపోకుండా హైపర్-వీ మీదుగా దొడ్డిదారిన నడుస్తుంది. నడుస్తుంది గానీ, అరగంటలో అయ్యే ఇన్‌స్టలేషన్ పూటంతా సాగుతుంది, మధ్యలో ఎక్కడో బిగుసుకుపోతుంది. నువ్వేమో ఉబుంటు చెడిపోయిందనుకుంటావు.

"నేను హైపర్-వీ ఎప్పుడూ ఆన్ చెయ్యలేదన్నా" అంటావు. చాలామంది చెయ్యరు. విండోస్ 11 కొత్త ల్యాప్‌టాపుల్లో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు చాలావరకు ముందే ఆన్‌లో వస్తుంది, అది ఆ హైపర్‌వైజర్ మీదే ఆధారపడుతుంది. ఎప్పుడో యూట్యూబ్ చూసి, విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ గానీ డాకర్ గానీ వేసి మర్చిపోయినా ఇంతే. తేల్చుకోవడం తేలిక. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరువు. మొదటి పేజీలో అట్టడుగుకి వెళ్తే "ఎ హైపర్‌వైజర్ హ్యాజ్ బీన్ డిటెక్టెడ్" అనే వాక్యం ఉందంటే అది నడుస్తోందన్నమాట.

దాన్ని ఆపే ముందు ఒక జాగ్రత్త, దయచేసి దీన్ని దాటెయ్యకు. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మనకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. బూట్ సెట్టింగుల్లో, విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్‌లో చెయ్యి పెట్టాక విండోస్ తెరుచుకునేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగే అవకాశముంది. ఆ కీ ల్యాప్‌టాప్‌లోకి లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఆ అకౌంట్ నీదేనా? మన దగ్గర చాలా ల్యాప్‌టాపులకి అమ్మిన షాపులో కుర్రాడే ఏదో ఒక మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చేస్తాడు. ఆ పాస్‌వర్డ్ అతనికీ గుర్తుండదు, మనకీ తెలియదు. అందుకని ముందు కీ ఎక్కడుందో చూసుకుని పుస్తకంలో రాసుకున్నాకే మిగతా పని.

ఇప్పుడు విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్ డీటెయిల్స్ తెరిచి మెమరీ ఇంటిగ్రిటీ ఆపు. తర్వాత స్టార్ట్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అని వెతికి హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, విండోస్ శాండ్‌బాక్స్ వీటికి టిక్కులుంటే తీసెయ్యి. హోమ్ ఎడిషన్ అయితే కొన్ని పేర్లు అసలు కనిపించవు, కంగారు పడకు. తర్వాత రీస్టార్ట్ కొట్టు. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చెయ్యడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ షట్‌డౌన్‌లో పూర్తిగా పడుకోదు, పాత స్థితిని దాచుకుని మళ్లీ అదే లేపుతుంది. ఇంతా చేశాక కూడా సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఆ వాక్యం పోకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, బీసీడీఎడిట్ ఆదేశంతో హైపర్‌వైజర్ లాంచ్ టైప్‌ని ఆఫ్‌లో పెట్టాలి. మళ్లీ వెనక్కి కావాలంటే అదే చోట ఆటో అని పెడితే సరిపోతుంది. ల్యాబ్ పరీక్షలు అయిపోయాక మెమరీ ఇంటిగ్రిటీని తిరిగి ఆన్ చేసెయ్యి. అది ఉన్నది నీ భద్రత కోసమే.

తాబేలు పోయిందంటే నీ సమస్యలో పెద్ద వాటా పోయినట్టే. తాబేలూ లేదు, చిప్పూ లేదు, మెషీన్ అసలు మొదలే కావడం లేదంటే అది వేరే సంగతి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ చూడు. వర్చువలైజేషన్ అన్నచోట డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చెయ్యాలి. హెచ్‌పీలో ఎఫ్10, డెల్, ఏసర్ వాటిలో సాధారణంగా ఎఫ్2. ఏఎండీ బోర్డుల్లో దాన్ని ఎస్‌వీఎం మోడ్ అని రాస్తారు.

ఇక టెర్మినల్ తెరుచుకోని సంగతి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ నువ్వు పెట్టినవేనా, లేక వీబాక్స్‌యూజర్, చేంజ్‌మీ అని దానంతట అదే పెట్టుకుందా? రెండోదే అని నా అనుమానం. వర్చువల్‌బాక్స్ 7 వచ్చినప్పటి నుంచి కొత్త మెషీన్ తయారు చేసేటప్పుడు ఉబుంటు ఇన్‌స్టలేషన్ అంతా ఉండే ఐఎస్ఓ ఫైల్ చూపించగానే, మనల్ని ఏమీ అడక్కుండా తనే ఇన్‌స్టాల్ చేసేస్తానంటుంది. దాన్ని అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ అంటారు. వినడానికి సుఖంగానే ఉంటుంది. కానీ ఆ దారిలో వచ్చిన యూజర్‌కి సుడో అధికారం ఉండదు. భాషకు సంబంధించిన లొకేల్ సరిగ్గా కుదరక టెర్మినల్ గుర్తు ఒక్క క్షణం తిరిగి మాయమైపోతుంది. ఇంత మంచి సాఫ్ట్‌వేర్‌లో కొత్తవాళ్లని ఇంతగా తిప్పలు పెట్టే సౌకర్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం. మెషీన్ తయారు చేసే తెరలో అన్‌అటెండెడ్ అన్న మాట పక్కన టిక్కు ఉంటుంది. ఆ వాక్యం పూర్తిగా చదివి, ఆటోమేటిక్ వద్దు అనే వైపు పెట్టు. అప్పుడు ఉబుంటు తన సొంత ప్రశ్నలు తనే అడుగుతుంది.

ఇప్పటికే ఎక్కినదాన్ని బాగు చేసుకోవాలంటే, ఉబుంటు సెట్టింగుల్లో రీజియన్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి భాషని వేరే ఇంగ్లీషుకి మార్చి, లాగౌట్ అయి రా. టెర్మినల్ తెరుచుకుంటుంది. సుడో కోసం రూట్ అనే అసలు అడ్మిన్ యూజర్‌గా లోపలికి వెళ్లి నీ యూజర్‌ని సుడో గ్రూపులో కలపాలి. రూట్ పాస్‌వర్డ్ కూడా ఆ చేంజ్‌మీ యే. అందులో నువ్వు దాచుకున్నవేవీ లేవు కాబట్టి, తాబేలు పోయాక ఒక్కసారి శుభ్రంగా ఎక్కించుకోవడమే తక్కువ పని.

ఆ ఎక్కించేటప్పుడు ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు అని ఒక తెర వస్తుంది. అక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. పోయినేడాది పలాస కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎరేజ్ అంటోంది. నొక్కితే నాన్న జీడిపప్పు లెక్కలన్నీ పోతాయేటి?" వాళ్ల నాన్నగారు అదే ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌లో బస్తాల లెక్క రాసుకుంటారట, పక్కనే కూర్చున్నారు కూడా. పోవు. ఆ తెరకి కనిపించే డిస్క్ వర్చువల్‌బాక్స్ తయారు చేసిన ఒక ఫైల్ మాత్రమే. అక్కడ చూపించే సైజు చూడు. నువ్వు 25 జీబీ ఇచ్చి ఉంటే 25 చుట్టుపక్కలే ఉంటుంది, నీ అసలు డిస్క్ 512 అని ఉండదు. ఆ అంకె చూసుకున్నాక ధైర్యంగా నొక్కొచ్చు. పెన్‌డ్రైవ్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కి ఎక్కిస్తున్నప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు, అక్కడ ఎరేజ్ అంటే నిజంగా ఎరేజే.

నల్ల తెరకి పెద్ద కథ లేదు. మెషీన్ ఆపి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలో వీడియో మెమరీ 128 ఎంబీ చెయ్యి, గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ ఉందో లేదో చూడు, 3డీ యాక్సిలరేషన్ టిక్కు తీసెయ్యి. అయినా నల్లగానే ఉంటే బూట్ మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అన్న వరస ఎంచుకో. సీపీయూలు రెండు ఇవ్వు. ఒకటే ఇస్తే ఇన్‌స్టలేషన్ ఈడుస్తుంది.

ర్యామ్ దగ్గర నీకు కాస్త ఇరుకే. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి 4 జీబీ కావాలి. 8లో 4 దానికిచ్చేస్తే మిగిలిన 4లో విండోస్ 11 మూలుగుతుంది. ఇన్‌స్టలేషన్ జరిగేంతసేపూ క్రోమ్ మూసెయ్యి, అది చాలా తేడా తెస్తుంది. మీ సార్ ఉబుంటు డెస్క్‌టాపే కావాలని పట్టుబట్టకపోతే లుబుంటు గానీ, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ వేసుకో. 2 జీబీతోనే హాయిగా కదులుతాయి. ల్యాబ్‌లో చేసే షెల్ స్క్రిప్టులు, సీ ప్రోగ్రాములు వీటిలో అచ్చం అలాగే నడుస్తాయి. నిజం చెప్పాలంటే ఆ మాత్రం పనికి డబ్ల్యూఎస్ఎల్ చాలు, వర్చువల్‌బాక్సే అక్కర్లేదు. కాకపోతే రికార్డులో ఇన్‌స్టలేషన్ స్క్రీన్‌షాట్లు అంటించమంటారు కదా, అందుకోసం ఈ తంటా తప్పదు. డబ్ల్యూఎస్ఎల్ వేసుకుంటే మళ్లీ ఆ హైపర్-వీ సంగతి గుర్తుంచుకో.

ఐఎస్ఓ ఎక్కడిది? ఆ ఫైల్ 6 జీబీకి దగ్గర దగ్గరగా ఉంటుంది. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల మొబైల్ డేటాతో దించేవాళ్లకి అది రోజుల పని, మధ్యలో తెగి అతుక్కున్న ఫైళ్లు వస్తుంటాయి. ఎక్కించేటప్పుడు స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్ అని వరసగా పడుతుంటే ఫైల్ చెడిందని అర్థం. ఉబుంటు సైట్‌లో ప్రతి ఐఎస్ఓకి షా256 అని ఒక పొడవాటి అంకె ఇస్తారు. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశానికి నీ ఫైల్ చూపిస్తే అదే అంకె రావాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పనికిరాదు. స్నేహితుడి దగ్గర కాపీ చేసుకుంటానంటే ఇంకా మంచిది. కాకపోతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. "ఖాళీ ఉంది గానీ కాపీ అవట్లేదన్నా" అని వచ్చేవి ఇవే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకో, అందులో ఉన్నవి ముందు వేరేచోట దాచుకుని.

పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఇన్‌స్టలేషన్ తెరే వచ్చిందంటే ఐఎస్ఓ ఇంకా బిగించే ఉందన్నమాట. డివైసెస్ మెనూలో ఆప్టికల్ డ్రైవ్స్‌కి వెళ్లి దాన్ని తీసెయ్యి. అది చూసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకున్నవాళ్లూ ఉన్నారు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. గాలీ వానా మొదలైతే మన వైపు కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. బ్యాటరీ సగం చచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టలేషన్ మధ్యలో కరెంటు పోతే ఆ వర్చువల్ డిస్క్ అక్కడికక్కడే పాడవ్వొచ్చు. ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టు. ఎక్కాక రోజూ వాడేటప్పుడు కిటికీ మూస్తే పవర్ ఆఫ్ ఎంచుకోకు, అది ప్లగ్ పీకినట్టే. సేవ్ ది మెషీన్ స్టేట్ పెట్టు. అంతా బాగా నడిచిన మొదటి రోజే ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచు. తర్వాత ఏం కెలికినా రెండు క్లిక్కుల్లో ఆ రోజుకి వెళ్లిపోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతే, ఫోన్‌తో తీసిన తెర ఫొటో పెట్టకు, దాంతో ఏమీ తెలియదు. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి షో లాగ్ నొక్కు. అందులో ఎన్‌ఈఎం అని వెతికి, ఆ అక్షరాలున్న వరసలు, లాగ్ చివర ఓ ముప్పై వరసలు కాపీ చేసి ఇక్కడ కింద అంటించు. ల్యాప్‌టాప్ మోడల్, తాబేలు ఉందో పోయిందో కూడా రాయి. రాత్రి షాపు కట్టేశాక చూసి చెప్తాను.