లవంగపట్టలో లవంగం ఉందా?

సందేహం: మా అత్తమ్మ పుట్టిల్లు చిత్తూరు. ఆమె చేత్తో రాసి పెట్టుకున్న వంటల నోటుబుక్కులో మాంసం కూరకు ‘లవంగపట్ట రెండు తునకలు, లవంగాలు నాలుగు’ అని ఉన్నది. లవంగం చెట్టు బెరడు కూడా కూరలో వేస్తరా? వరంగల్‌లో మసాలా దుకాణంలో అడిగితే అట్లాంటిది లేదన్నరు. ఇంకో రెండు సందేహాలు: లవంగం గింజనా, మొగ్గనా? దాల్చిన చెక్కలో ‘దాల్చిన’ అంటే ‘ధరించిన’ అనేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: దుకాణంలో లేనిది ఆ పేరే, సరుకు కాదు. మీ అత్తమ్మ రాసిన లవంగపట్ట మీరు రోజూ వాడే దాల్చిన చెక్కే. ఇక్కడ పట్ట అంటే బెరడు. తమిళంలో దాల్చిన చెక్కను ఇలవంగప్పట్టై అంటారు, వంటింట్లో ఉత్త ‘పట్టై’. ఆ పొరుగున ఉన్న చిత్తూరు ఇళ్లల్లో ‘పట్ట, లవంగాలు’ అని జంటగా పలుకుతారు. మన ఓరుగల్లు వైపు అదే జంట ‘చెక్క, లవంగాలు’. అయితే దీన్ని తమిళం నుంచి అంటిన మాటగా కొట్టిపారేయకండి. తెలుగు నిఘంటువుల్లో లవంగపట్టకు దాల్చిన చెక్క అనే అర్థం ఉంది. మనవైపు వినపడదు, అంతే.

మరి వేరే చెట్టు బెరడుకు లవంగం పేరెందుకు వచ్చింది? లవంగం నేరేడుకు దగ్గరి చుట్టం, జామకు దూరపు చుట్టం. దాల్చిన చెట్టేమో బగారన్నంలో వేసే బిర్యానీ ఆకు కుటుంబం. రెండింటికీ చెట్టు దగ్గర పొత్తు లేదు, వాసన దగ్గర ఉంది. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ దాల్చిన చెట్టు ఆకుల్లో దండిగా ఉంటుంది, బెరడులోనూ కొంత ఉంటుంది. పేరు పెట్టినవాళ్లు కంటితో కాక ముక్కుతో పెట్టారని నా ఊహ. పెట్టక ఏం చేస్తారు? లవంగం సొంతూరు ఇండోనేషియాలోని మలుకు దీవులు. రఘువంశం ఆరో సర్గలో, ఇందుమతీ స్వయంవరంలో కళింగ రాజు వంతు వచ్చినప్పుడు, ఇతర ద్వీపాల నుంచి లవంగపుష్పాలను మోసుకొచ్చే గాలులను కాళిదాసు తలుస్తాడు. అంటే అప్పటికే లవంగం సముద్రం దాటి వచ్చేదని కవికి తెలుసు. ఈస్టిండియా కంపెనీ తమిళనాడులోని కుర్తాళంలో లవంగం మొక్కలు నాటించింది 1800 ప్రాంతంలో. అంతకుముందు వందల ఏళ్లు లవంగం నమిలినవాళ్లలో ఆ చెట్టును చూసినవాళ్లు ఎందరుంటారు?

ఇక గింజా మొగ్గా అన్నది. కాళిదాసు పుష్పమన్నాడు, అమరకోశం దేవకుసుమమంది. మీరే చూడొచ్చు. ఒక మంచి లవంగాన్ని వేడినీళ్లలో కాసేపు నాననిచ్చి పళ్లెంలో పెట్టండి. కాడ పైకొసన నాలుగు కొక్కేల్లా విచ్చుకున్నవి రక్షకపత్రాలు. వాటి నడుమ ఉన్న గుండ్రటి బొడిపె ఇంకా విప్పారని పూరేకుల ముడి. గోటితో మెల్లగా లేపితే లోపల కేసరాలు సన్నటి పోగుల్లా కనిపిస్తాయి. విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన పూమొగ్గ అది. కాబట్టి లవంగమొగ్గ అనడం ఒప్పు, లవంగ గింజ అనడం తప్పు. మసాలా డబ్బాలో మిగతా పేర్లు మాత్రం ఇంత నిజాయతీగా ఉండవు. అనాస పువ్వు పువ్వు కాదు, ఎండిన కాయ. జాపత్రి పత్రి కాదు, జాజికాయ గింజకు చుట్టుకున్న తొడుగు.

‘దాల్చిన’కు, ‘రూపం దాల్చిన’లోని దాల్చుకు సంబంధం లేదు. ఇది పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన దాల్చీనీ. మొదటి రూపం దార్‌చీనీ. దార్ అంటే మాను, కొయ్య. దేవదారులో ఉన్న మన ‘దారు’కు అది తోబుట్టువే. చీనీ అంటే చైనాది. ఆ చివరి ‘చీనీ’ తెలుగు నోట్లో ‘చిన’ అయ్యేసరికి అచ్చం మన క్రియారూపంలా తయారైంది. దానికి మళ్లీ ‘చెక్క’ చేర్చాం. నడిసెంటర్ అన్నట్టు ఒకే అర్థం రెండుసార్లు. ఐనా స్థిరపడ్డ వాడుక, దిద్దక్కర్లేదు. బగారా కూడా ఉర్దూ దారిన వచ్చిందే. ఉర్దూలో బఘార్ అంటే పోపు, బగారన్నమంటే పోపు పెట్టిన అన్నం. కాబట్టి ‘బగారన్నానికి పోపు పెట్టు’ అన్నా పునరుక్తే, కానీ పొయ్యి దగ్గర ఎవరు లెక్కపెడతారు!

మీ నోటుబుక్కు విషయంలో ఒక్క జాగ్రత్త. లవంగపట్టను లవంగాలే అనుకొని ఎవరైనా ఇంకో నాలుగు వేశారంటే కూర పాడవుతుంది. పంటినొప్పికి లవంగనూనె పెట్టుకుంటే చిగురు మొద్దుబారేది యూజినాల్ వల్లనే. కూరలో ఎక్కువైతే నాలుకకూ అదే గతి, ఆపైన మాంసం రుచి తెలియదు. అత్తమ్మ రాసిన మాటను కొట్టేయకండి. పక్కన చిన్నగా ‘దాల్చిన చెక్క’ అని రాసి పెట్టండి. ‘రెండు తునకలు’ అంటే ఆమె చేతి లెక్కలో ఎంత పొడవో కూడా ఇప్పుడే అడిగి రాసుకుంటే మంచిది. అది ఏ నిఘంటువులోనూ దొరకదు.